బాబాయి నవ్వు

మార్చి 3

క్లారినెట్ మూతికి బిగించే రీడ్ బద్ద మీద రక్తపు చార. కొత్త రీడ్ కదా, అంచు గరుకుగా ఉండి పెదవి గీసుకుని ఉంటుంది. రేపు మార్చాలి.

మార్చి 4

మార్చాను. మళ్ళీ చార. ఈ డబ్బాలోవన్నీ ఇలాంటివే కాబోలు.

మార్చి 7

మంచి వార్త. కొత్త నాటకంలో రెండో భాగం మొదలయ్యేటప్పుడు, తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాక, రంగస్థలమంతా చీకటి చేస్తారట. మాటలుండవు. ఒక్క క్లారినెట్ మాత్రమే. రిహార్సల్ అయ్యాక సంగీతం మాస్టారు నన్ను ఆగమన్నారు. "ఆ చీకటంతా నీదేనమ్మా. చెడగొట్టకు," అన్నారు. ఆయన నోట ఇంతకన్నా పెద్ద పొగడ్త ఎవరూ విన్నట్టు లేదు.

ఇన్నేళ్ళుగా వేదిక ముందు వాద్యాలవాళ్ళుండే గోతిలో కూర్చుని ఎవరెవరి పాటలకో వెనకనుంచి ఊపిరి పోసినదాన్ని. నలభై ఎనిమిదో ఏట గోతిలోంచి పైకెక్కి నిలబడి వాయించాలి!

ఇంటికి రాకుండా తిన్నగా బాబాయి కొట్టుకి వెళ్ళాను. బాబాయంటే మా నాన్న తమ్ముడు, కానీ పేటంతా ఆయన్ని బాబాయనే పిలుస్తుంది. పళ్ళపొడి బాబాయి. పాత మేడ మెట్ల కింద మూలికల కొట్టు. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే లవంగాల వాసన ఒళ్ళంతా పడుతుంది. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనా పిన్నీ. క్లారినెట్ నేర్పించిందీ ఆయనే. "ఊపిరికి మంచిది," అన్నాడప్పుడు, అదీ ఒక మందే అన్నట్టు.

సంగతి చెప్పగానే నవ్వాడు. ఆ నవ్వు గురించి రాయకపోతే ఎలా? డెబ్భై ఆరేళ్ళ మనిషి, తెల్లటి రెండు వరసలూ తళుక్కుమనేలా తల వెనక్కి వేసి నవ్వుతాడు. పొడి కొనడానికి వచ్చినవాళ్ళలో సగం మంది ఆ నవ్వు చూసి ఇంకో పొట్లం కడతారా అంటారు. పిన్ని చనిపోయిన ఏడాది మాత్రం ఆయన నవ్వలేదు. ఆ ఏడాది వ్యాపారం కూడా పడిపోయింది. పేటంతా దిగులు పడింది.

రీడ్ సంగతి ఆయనకి చెప్పలేదు. అంత చిన్న విషయం.

మార్చి 9

ఈ రోజు రక్తం లేదు.

వాయించలేదు కూడా.

మార్చి 12

వాష్‌బేసిన్‌లో గులాబి రంగు నురుగు మా ఆయన కంట పడింది. కడిగేశాననే అనుకున్నాను.

"ఏంటిది?"

"గట్టిగా తోమానులెండి."

"నిన్నా గట్టిగా తోమావా?"

ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఏది చెప్పినా లిఫ్టు మీదనుంచే చెబుతారు. "లిఫ్టు కుదుపు ఇస్తే మేం పెట్టెకి రంగు వేయం. పైకెక్కి తాడు చూస్తాం," అన్నారు.

"మా ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని బయటికెందుకు?"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు."

"నాకు పెరటి చెట్టే వైద్యం," అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన పళ్ళెం కడుక్కుని బయటికి వెళ్ళారు.

మార్చి 15

సరే, మా ఆయన నోరు మూయించడానికి వెళ్ళొచ్చాను. బస్సు డిపో ఎదురుగా, బట్టల ఇస్త్రీ దుకాణం పైన పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి. ఆవిడ నాకన్నా చిన్నది. పొట్టి జుట్టు, చిన్న చేతులు. కుర్చీ వాల్చి, గీతలున్న సన్నటి కొక్కెం లాంటిది చిగురుకీ పంటికీ మధ్య దించుతూ నర్సుకి అంకెలు చెప్పుకుంటూ పోయింది. రెండు, మూడు, రెండు, మూడు. తాళం వేస్తున్నట్టే ఉంది. పై వరసలో ముందుపళ్ళ దగ్గరికి వచ్చేసరికి తాళం తప్పింది. అయిదు. ఆరు. ఏడు.

"అంకె పెరిగితే మంచిదాండీ?"

"ఇవి పరీక్ష మార్కులు కావండీ, సందు ఎంత లోతో చెప్పే అంకెలు," అంది. నవ్వలేదు. అద్దం ఇచ్చి చూపించింది. "చిగురు పంటిని గట్టిగా పట్టుకుని ఉండాలి. మీకు పట్టు వదిలేసింది. మధ్యలో సంచిలా తయారయింది. దాని అడుగున గార రాయిలా గట్టిపడింది. పైపైన ఎంత తోమినా అక్కడికి చేరదు. మత్తిచ్చి లోపలికి దిగి గీకి తీయాలి. అప్పటికీ తగ్గకపోతే చిగురు కొంచెం విప్పి చేయాలి."

ఎక్స్‌రే కూడా తీసింది. పళ్ళ మధ్య ఎముక ఒకచోట గట్టు తెగినట్టు దిగిపోయి ఉంది. నాది కాదేమో అనిపించింది.

"ఈ ముందుపన్ను కదులుతోంది. దీని మీద బరువు పెట్టే పని ఏదైనా చేస్తారా?"

"క్లారినెట్ వాయిస్తాను. పైపన్ను వాద్యం మూతి మీద ఆనించాలి."

"కొన్నాళ్ళు ఆపాల్సి వస్తుంది."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. "మా బాబాయికి డెబ్భై ఆరేళ్ళండీ. ఈ రోజుకీ ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయి. ఒక్కసారి కూడా ఇలాంటి కుర్చీ ఎక్కి ఎరగడు."

"ఎవరండీ మీ బాబాయి?"

"మెట్ల కింద మూలికల కొట్టు. పళ్ళపొడి బాబాయి."

డాక్టరమ్మ చేతిలోని కొక్కేన్ని పళ్ళెంలో పెట్టింది. కాసేపు దాన్నే చూసింది. "ఆయన మంచి మనిషి," అంది.

అంతే. ఇంకేమీ అనలేదు. ఏమనగలదు? మెట్లు దిగుతుంటే నేనే గెలిచాననిపించింది.

మార్చి 16

మళ్ళీ వెళ్ళను.

మార్చి 18

బాబాయి చూశాడు. కొట్టు గుమ్మంలో వెలుతురు పడేలా నిలబెట్టి, చూపుడువేలితో పెదవి పైకెత్తి చూశాడు. ఆ వేలు చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నాలుక చూసిన వేలే.

"వాచాయే పిట్టా. రక్తం వస్తోందా?"

"కొంచెం."

"కదులుతోందా?"

"లేదు."

ఎందుకలా అన్నానో తెలియదు. కదలడం అంటే ఎంత కదిలితే కదలడం? చెట్లు కూడా కదులుతాయి.

ఆయన కాసేపు నా మొహం చూసి, లోపలికి వెళ్ళి తుమ్మబెరడు, లవంగాలు, దానిమ్మ తొక్క దంచాడు. దంచుతున్నప్పుడు బాబాయిని చూడాలి. కళ్ళు మూసుకుని రోకలి చప్పుడు వింటాడు. చప్పుడు మారగానే ఆపేస్తాడు. "నలిగింది," అంటాడు. కషాయం కాచి గోరువెచ్చగా పుక్కిలించమన్నాడు. పటిక కలిపిన పొడి విడిగా కట్టి ఇచ్చాడు.

మార్చి 26

రక్తం లేదు! నిన్నా లేదు. ఈ రోజు రిహార్సల్ పూర్తిగా వాయించాను, రీడ్ తెల్లగా ఉంది. చిగుళ్ళు ఎరుపు తగ్గి లేత రంగుకి వచ్చాయి. మా ఆయన్ని పిలిచి పెదవెత్తి చూపించాను.

"బాగానే ఉందే," అన్నారు. తర్వాత, "తాడు సంగతేంటి?" అన్నారు.

ఈ మనిషితో వేగలేం.

ఏప్రిల్ 2

ముందుపన్ను పక్కదానికన్నా పొడుగ్గా కనిపిస్తోంది. అద్దం దగ్గర లైటు అలా పడుతోంది.

ఏప్రిల్ 3

హాల్లో లైటు దగ్గర కూడా.

ఏప్రిల్ 6

రిహార్సల్లో పై స్వరం దగ్గర శ్రుతి జారింది. ఒకసారి కాదు. మాస్టారు కర్ర దించారు. అందరూ ఆగారు.

"మళ్ళీ."

మళ్ళీ జారింది. వాద్యం మూతి నోట్లో పెట్టుకుని పంటిని ఆనిస్తే, పన్ను వెనక్కి వెళుతోంది. చలికాలంలో తలుపు గొళ్ళెం వదులైనట్టు. ఎంత గట్టిగా ఆనిస్తే అంత వెనక్కి. పంటి బిగువున వాయించాను అంటారే, ఆ బిగువే లేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నారు మాస్టారు.

"రీడ్ బాగాలేదండీ."

పక్క కుర్చీ ఆవిడ నా వంక చూసింది. రెండో క్లారినెట్ ఆవిడది. నేను రాలేకపోతే వేదిక మీద నిలబడేది ఆవిడే. నా దగ్గరికి వంగి, తన రీడ్ డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "ఇవి వాడండి, మంచివి," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్ 9

చిగురు మీద మిరియపు గింజంత పొక్కు. కషాయం ఇంకొంచెం చిక్కగా కాచాను.

ఏప్రిల్ 11

బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఈ రోజు రాయలేను.

ఏప్రిల్ 13

రాస్తాను.

మధ్యాహ్నం వేళ. కొట్టులో ఎవరూ లేరు. బాబాయి టీ పెట్టి బ్రెడ్డు ముక్క చేతిలో పెట్టాడు. అంచులు తీసేసి, టీలో ముంచుకుని, ఒక పక్కకే నములుతున్నాను. తలెత్తేసరికి ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళయిందే, అంచు తీసి తినడం?"

"మెత్తగా ఉంటుందని."

"కదులుతోందా?"

"లేదని చెప్పాగా."

"నేనూ మీ పిన్నితో అదే చెప్పా," అన్నాడు. "మెత్తగా ఉంటుందనే చెప్పా."

లేచి కొట్టు తలుపు దగ్గరికి వేశాడు. జేబురుమాలు తీసి బల్ల మీద పరిచాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. బొటనవేలు పై పళ్ళ లోపలికి పెట్టి ఒక్క లాగు లాగాడు. పై వరసంతా ఊడి చేతిలోకి వచ్చింది. తర్వాత కింది వరస. రెండింటినీ రుమాలు మీద పెట్టాడు.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్న మొహం. పెదవులు లోపలికి పోయాయి, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణంలో వందేళ్ళ ముసలాయన అయిపోయాడు. నేను లేవబోయాను. చేత్తో కూర్చోమన్నాడు. మాట తేలిపోతోంది, దగ్గరికి జరిగితే గానీ వినిపించలేదు.

"షూడు. బాగా షూడు," అన్నాడు.

చూశాను. చిగుళ్ళు పసిపిల్లవాడివిలా నున్నగా ఉన్నాయి.

"ఎప్పటినుంచి బాబాయ్?"

"నువ్వు బళ్ళో చదివేటప్పటినుంచి. నీకిప్పుడు వచ్చిందే నాకూ వచ్చింది. కషాయం పుక్కిలించా. రక్తం ఆగిపోయింది. ఆగిపోతే తగ్గిపోయిందనుకున్నా. నా తప్పల్లా అదేనే పిట్టా. నా కషాయం రక్తాన్ని ఆపింది. పైన నోరు మూయించింది. లోపల జరిగేది లోపల జరుగుతూనే ఉంది. నా గురువు బతికుండగానే చెప్పాడు, 'దీనికి కుర్చీ వైద్యం చేయించుకోరా, మనది చాలదు,' అని. పళ్ళపొడి అమ్మేవాడు పళ్ళ డాక్టరు మెట్లెక్కితే చూసినవాళ్ళు ఏమనుకుంటారని వెళ్ళలేదు. పండిన కాయలు రాలినట్టు రాలాయి. ఒక్కోటీ. మీకెవరికీ కనబడకుండా నోటికి తుండు అడ్డం పెట్టుకుని తిరిగా."

మళ్ళీ పెట్టుకోమన్నాను. అలా చూడలేక అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"పెట్టుకుంటే మళ్ళీ అబద్ధం చెప్పబుద్ధేస్తుంది."

అప్పటి పెద్ద డాక్టరు పళ్ళ సెట్టు చేసిచ్చాడట. మర్నాడు కొట్టు తెరవగానే ఎవరో, "అబ్బ, బాబాయి పళ్ళు చూడండ్రా, పొడంటే అదీ!" అన్నారట. కాదని చెబుదామనుకునేలోగా పొట్లాలు అయిపోయాయట. "నేను అబద్ధం ఆడలేదు. నవ్వానంతే," అన్నాడు. "ఆ నవ్వు నీదాకా వస్తుందనుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది. కోపం రావాలి కదా? రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. ప్రపంచంలో డాక్టరుకీ పిన్నికీ తప్ప ఎవరికీ చూపించని మొహాన్ని, ఒక్క పన్ను కోసం, అదీ నా పన్ను కోసం, పట్టపగలు నాకెదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. అంత ధైర్యం నేను ఎక్కడా చూడలేదు.

"కదులుతోంది బాబాయ్," అన్నాను. "చాలా రోజులనుంచి."

"తెలుసు," అన్నాడు. "పద."

ఏప్రిల్ 14

మా ఆయనకి కదులుతోందని మాత్రమే చెప్పాను. బాబాయి రుమాలు సంగతి చెప్పలేదు, అది నాది కాదు. "నేను ముందే చెప్పానా" అంటారని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. రొట్టెలు పాలలో నానబెట్టి తెచ్చి పెట్టారు.

ఏప్రిల్ 15

డాక్టరమ్మ ఇచ్చిన వేళకి బాబాయీ నేనూ వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. వరండాలో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆయన్ని గుర్తుపట్టారు.

"బాబాయ్, నువ్వేంటి ఇక్కడ? దారి తప్పావా?"

"ఇన్నాళ్ళకి దారిలో పడ్డానురా," అన్నాడు.

డాక్టరమ్మ తలుపు తీసి, ఆయన్ని చూసి, "రండి తాతగారూ," అంది. కొత్తవాళ్ళని పిలిచినట్టు లేదు. బాబాయి లోపలికొచ్చి గోడ మీది పాత డాక్టరు ఫొటోకి దణ్ణం పెట్టాడు. నాకు అప్పుడు తట్టింది. ఆ పెద్ద డాక్టరు ఈవిడ గురువు. బాబాయి సెట్టు వదులైనప్పుడల్లా గుట్టుగా సరిచేస్తున్నది ఈవిడే.

"మీకు ముందే తెలుసు!" అన్నాను. "నేను ఆ రోజు అంత గొప్పలు పోతుంటే ఒక్క మాట చెప్పలేదేం? చెప్పి ఉంటే అక్కడే ఒప్పుకునేదాన్నిగా."

"ఆయన నోటి సంగతి ఆయన నోటే రావాలండీ," అంది.

ఆ రోజు నేను గెలిచాననుకుని మెట్లు దిగాను! ఒక్క మాటతో నన్ను కూర్చోబెట్టగలిగి ఉండి కూడా, బాబాయి గురించి పన్నెత్తి ఒక్క మాట అనలేదీవిడ. నేను మళ్ళీ రాకపోయినా సరేనని ఊరుకుంది.

ఇక పని. మత్తు సూది మొదట చీమ కుట్టినట్టుంది, తర్వాత సగం మొహం నాది కాకుండా పోయింది. ఆవిడ చేతులు చూద్దామని కళ్ళు తెరిచే ఉంచాను. అంత చిన్న చేతులు, అంత తొందర లేకుండా. కొక్కేన్ని చిగురు కిందికి దించి, కళ్ళతో కాకుండా వేలి కొసతో వెతుకుతుంది. గార తగిలితే ఆగుతుంది. గరగరమని చిన్న చప్పుడు. మళ్ళీ గీకుతుంది. చప్పుడు నున్నగా మారగానే పక్క పంటికి వెళుతుంది. బాబాయి మూలన స్టూలు మీద కూర్చుని తల పక్కకి వంచి వింటున్నాడు.

"నలిగింది," అన్నాడొకసారి, తనకి తానే.

డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది. కళ్ళు చెప్పాయి.

పొక్కు కోసి చీము తీసింది. కదిలే పంటిని పక్క పళ్ళతో కలిపి వెనకవైపు సన్నటి తీగె అంటించింది. "ఇది నిలుస్తుందో లేదో ఇప్పుడే మాటివ్వను. ఎముక పోయిన మేరకి పోయినట్టే. ఉన్నదాన్ని కాపాడుకుందాం. వెనక దవడపన్ను మాత్రం తీసేయాలి."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నా కషాయం ఆపేయమంటావా తల్లీ?"

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకి ఎంత కష్టమయిందో నాకు తెలుసు. డాక్టరమ్మకీ తెలిసినట్టుంది. చేతి తొడుగులు తీసి, కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

"పొడి వద్దు తాతగారూ. వేరు బయటపడ్డ చోట గీసుకుపోతుంది. కషాయం గోరువెచ్చగా పుక్కిలించనివ్వండి, వాపుకి హాయిగా ఉంటుంది. కానీ అది వైద్యం అనుకోవద్దు. అడుగున గార మీ కషాయానికి కరగదు."

"అయితే లోపల నువ్వు, పైన నేను."

"లోపల నేను. పైన ఈవిడ బ్రష్షు, రోజూ. మీరు ఆ తర్వాత."

"మూడోవాణ్ణా!" అన్నాడు బాబాయి. పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఏమీ తగ్గలేదు. పళ్ళు ఎవరివైతేనేం, నవ్వు ఆయనదే కదా.

ఏప్రిల్ 17

మాస్టారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మొదటి రోజుకి ఆవిడే వాయిస్తుంది," అన్నారు, పక్క కుర్చీ వైపు చెయ్యి చూపించి. "నీ చీకటి ఎక్కడికీ పోదులే. నాటకం ఆడినన్నాళ్ళూ ఉంటుంది."

నా రుమాలంతా తడిసిపోయింది.

ఏప్రిల్ 22

మిగతా సగం నోరు కూడా శుభ్రం చేసింది. దవడపన్ను తీసేసింది. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయి. వాపు తగ్గి చిగుళ్ళు కిందికి జారాయి, పళ్ళ మధ్య సందులు కనబడుతున్నాయి. అందంగా లేదు. ఆ సందుల్లో తోమడానికి సీసాలు కడిగే బ్రష్షుకి మనవరాలిలా ఉండే చిన్న బ్రష్షు ఇచ్చింది. మా ఆయన అది చూసి ముచ్చటపడి తనకీ ఒకటి తెచ్చుకున్నారు.

ఏప్రిల్ 30

పేటలో గుప్పుమంది. బాబాయే చెప్పేశాడు.

ఎవరో ఒకావిడ వాళ్ళాయన్ని తీసుకుని వచ్చిందట. చిగుళ్ళనుంచి రక్తం. "మీ పళ్ళలా కావాలి బాబాయిగారూ," అందట. ఆయన, "నావి డాక్టరమ్మ దగ్గర చేయించుకున్నవమ్మా. నావి ఎప్పుడో ఊడిపోయాయి. మీ ఆయనవి ఊడకముందే అక్కడికి తీసుకెళ్ళు," అన్నాడట. కొట్టులో అయిదారుగురున్నారు. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు మా ఆయనకీ చెప్పవచ్చు. చెప్పాను. "పెద్దమనిషి అంటే ఆయనే," అన్నారు. లిఫ్టు ఊసెత్తకుండా ఆయన చెప్పిన మాట ఇదొక్కటే.

మే 4

"పళ్ళపొడి బాబాయికి పళ్ళే లేవట!" బస్సులో నా వెనక సీటువాళ్ళు. పకపకా నవ్వులు. వెనక్కి తిరిగి ఏదో అనేశాను. ఏమన్నానో గుర్తులేదు, బస్సంతా నిశ్శబ్దం అయిపోయింది.

కొట్టుకి వెళితే ఖాళీగా ఉంది. ఒకడు నిన్న వచ్చి, ఇన్నేళ్ళూ మోసం చేశావన్నాడట. బాబాయి ఎదురు చెప్పలేదట. "వాడు అన్నదాంట్లో అబద్ధం లేదుగా," అన్నాడు.

"ఎందుకు చెప్పావు బాబాయ్? నాకు చూపించావు, చాలు కదా? ఎవరడిగారు నిన్ను?"

లవంగాలు ఏరుతున్నవాడు ఆగాడు. "ఇన్నాళ్ళూ నవ్వి అమ్మాను," అన్నాడు. "ఇకమీద చెప్పి అమ్ముతాను. కొనేవాళ్ళు కొంటారు."

మే 9

మొదటి ప్రదర్శన. గోతిలో నా పాత కుర్చీలో, చేతిలో వాద్యం లేకుండా కూర్చున్నాను. రంగస్థలం చీకటయింది. పక్క కుర్చీ ఆవిడ వేదిక మీద నిలబడి వాయించింది. అసూయపడదామని సిద్ధంగా ఉన్నాను. మొదటి స్వరం విన్నాక కుదరలేదు. ఇల్లు వదిలిన తండ్రి మలుపు తిరిగేదాకా తలుపు దగ్గర ఎవరో నిలబడి చూస్తున్నట్టుంది. ఇంత మనిషిని పక్కన పెట్టుకుని ఇన్నేళ్ళూ నేను సరిగ్గా వినలేదు.

అయిపోయాక వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మీరు పై పెదవి కూడా మడిచి వాయించి చూడకూడదూ? మా గురువుగారు అలాగే వాయించేవారు. పన్ను అసలు తగలదు. కష్టమే గానీ, నేర్పిస్తాను," అంది.

తన చోటు నాకు తిరిగివ్వడానికి దారి తనే చూపిస్తోంది. ఈ మధ్య నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇలా ఉన్నారేమిటి?

మే 12

డాక్టరమ్మని అడిగాను. వాద్యం తెచ్చి చూపించమంది. పై పెదవి మడిచి వాయించి చూపించాను, పిల్లి అరిచినట్టు వచ్చింది. వరండాలో ఎవరో నవ్వారు. ఆవిడ అద్దం పెట్టి, పన్ను ఎక్కడా ఆనడం లేదని చూసుకుని, "కొంచెం కొంచెంగా. నొప్పి వస్తే ఆపేయాలి. నాటకం ముఖ్యమని మొండికేస్తే తీగె ఊడుతుంది," అంది.

మే 20

పిల్లి.

మే 27

ఇంకా పిల్లే. కానీ పెద్ద పిల్లి.

జూన్ 3

పై స్వరం వచ్చింది. సన్నగా, కొంచెం వణుకుతూ వచ్చింది. మా ఆయన వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా తల వెనక్కి తీసుకున్నారు.

జూన్ 10

డాక్టరమ్మ మళ్ళీ కొలిచింది. రెండు, మూడు, మూడు, రెండు. ముందుపన్ను దగ్గర నాలుగు. ఊపిరి బిగబట్టి విన్నాను. "బాగుంది," అంది. తర్వాత, "బాగుందంటే అయిపోయిందని కాదు. ఇది ఇంటికొచ్చిన చుట్టం కాదు, వెళ్ళిపోవడానికి. మూడు నెలలకోసారి వస్తూనే ఉండాలి," అంది.

మెట్ల దగ్గర ఆ రోజు బాబాయి పంపిన ఆయన కనిపించాడు, రక్తం వస్తోందని వచ్చినాయన. బుగ్గ వాచి ఉంది. మత్తు నోటితోనే, "బాబాయికి చెప్పండి, ఒక్క పన్ను కూడా తీయలేదు," అన్నాడు.

చెప్పాను. బాబాయి పొట్లాలు కట్టడం ఆపి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కాసేపు అలా కూర్చున్నాడు. కొట్టులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మునుపటంత మంది లేరు. ఉన్నవాళ్ళు మాత్రం పొడి తీసుకుని వెళ్ళిపోకుండా నోరు తెరిచి చూపిస్తున్నారు. ఆయన వెలుతురులోకి తిప్పి చూసి, కొందరికి కషాయం ఇస్తున్నాడు, కొందరికి బస్సు డిపో వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

జూన్ 21

మధ్యాహ్నం ఆట. ఈ రోజు నాది.

మాస్టారు వెళ్ళమన్నారు, పక్క కుర్చీ ఆవిడ నా చేయి నొక్కింది, వేదిక మెట్లెక్కాను. దీపాలు ఆరాయి. పై పెదవి మడిచాను. పూర్వం నా స్వరం గట్టిగా, సూటిగా ఉండేదని అందరూ అనేవారు. ఇప్పుడది లేదు. మెత్తగా వస్తోంది, మాట్లాడబోయి ఆగినట్టు వస్తోంది. సగంలో భయపడి చూసుకున్నాను, భయపడినదీ పాటలో కలిసిపోయింది. చివరి స్వరం సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు. చీకట్లో ఎవరూ దగ్గలేదు.

ఆట అయ్యాక మా ఆయనా బాబాయీ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. బాబాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాస్టారు గబగబా వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు.

"మీ అమ్మాయి స్వరమే మారిపోయిందండీ! ఇన్నేళ్ళూ ఇది ఎక్కడ దాచిందో. మీరేదో మందిచ్చారని విన్నాను. ఏమిచ్చారు?"

"నేనేమీ ఇవ్వలేదండీ," అన్నాడు బాబాయి. "తీసి చూపించానంతే."

మాస్టారు అర్థంకాక ఆయన మొహమూ నా మొహమూ చూశారు. మా ఆయన అటు తిరిగి దగ్గారు. నేను బాబాయి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.